మూడున్నర గంటల ప్రయాణం

రంగుచేపలు పెంచే ఆ షెడ్డులో, ప్యాకింగు చేసే బల్ల ఎదురుగా గోడకి ఒక నల్లబల్ల తగిలించి ఉండేది. ఎడమవైపు గంటలు, కుడివైపు చేపలు. పన్నెండు గంటల లోపు ప్రయాణమైతే సంచికి ఇరవై. పదిహేను లోపైతే పదిహేను. అంతకు మించితే పది, అదీ దేవుడి మీద భారం వేసి. ఆ పట్టిక ఏ పుస్తకంలోంచీ ఎక్కించింది కాదు. పెద్దక్క పదకొండేళ్ళపాటు సంచులు కట్టి, పంపి, అవతలివాళ్ళ చేత నానా మాటలూ పడి రాసుకున్నది. అందులో ప్రతి అంకె వెనకా చచ్చిన చేపలున్నాయి.

అందరూ ఆవిడని పెద్దక్క అనే పిలిచేవారు. షెడ్డు ఆవిడదీ, మరిదిదీ. కొనేవాళ్ళతో మాట్లాడటం, వ్యాను నడపడం మరిది పని. చేపల్ని పెంచడం, సంచి కట్టడం ఆవిడ పని. సంచిలో మూడోవంతు నీళ్ళు పోసి, చేపల్ని వదిలి, మిగతా అంతా సిలిండరులోంచి ఆక్సిజన్ నింపి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తుంది. బ్యాండు పడ్డాక లోపలి చేపకీ బయటి లోకానికీ సంబంధం తెగిపోయినట్టే. ఆ గాలి ఎన్ని గంటలు వస్తే అన్ని గంటలే ఆయుష్షు. అందుకే చేపలు ఎన్ని అని అడగకముందే ఆవిడ గంటలెన్ని అని అడిగేది.

ఆ రోజు వెళ్తున్నవి మేలిముసుగులా తోక పరుచుకునే ఎర్రచేపలు. నాలుగువందల ఎనభై. గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచీ రెండేళ్ళు పెంచింది. వాటి తాతల దాకా ఆవిడకి తెలుసు. మొదటిసారి దేశం దాటి వెళ్తున్నాయి. అక్కడి దుకాణదారు మరిదికి పాత స్నేహితుడు. దుకాణం నిండా ఇవే పెడతానని ఖాళీ తొట్లు తోమి, నీళ్ళు పట్టి కూర్చున్నాడు.

తెల్లవారుజామున ప్యాకింగు మొదలుపెట్టే ముందు పెద్దక్క విమానం కాగితం దీపం కింద పెట్టి చదివింది. బయలుదేరేది పది. దిగేది ఒకటిన్నర. పదికీ ఒకటిన్నరకీ మధ్య మూడున్నర. విమానం ఎక్కేముందు ఐదు గంటలు, దిగాక తనిఖీలకి మూడు గంటలు. మొత్తం పదకొండున్నర. పన్నెండు లోపే.

"ఇరవై చొప్పున" అంది.

సంచులు అందిస్తున్న తోటికోడలు, అంటే మరిది భార్య, కాగితం వైపు తొంగిచూసింది. "అక్కా, అంత దూరం మూడున్నర గంటల్లో వెళ్ళిపోతుందా? సరుకు బుక్ చేసిన ఏజెంటుని ఒక్కమాట అడిగితే పోతుంది కదా."

"పది నుంచి ఒకటిన్నర దాకా లెక్కపెట్టడానికి ఏజెంటు కావాలా తల్లీ? నీ పెళ్ళికి ముహూర్తం కూడా ఏజెంటునే అడిగారా?"

తోటికోడలు నవ్వేసి ఊరుకుంది. ఐదయ్యేసరికి ఇరవైనాలుగు సంచులు, పన్నెండు థర్మోకోల్ పెట్టెలు తయారయ్యాయి. పెట్టెకి రెండు సంచులు. అలవాటు ప్రకారం పెద్దక్క రెండు ఖాళీ టబ్బులు, రెండు డబ్బాల తొట్టినీళ్ళు, ఒక కట్ట కొత్త సంచులు కూడా వ్యానులో పడేయించి, మరిది పక్కన ఎక్కి కూర్చుంది.

దారిలో మరిది మాంచి హుషారుగా ఉన్నాడు.

"ఎంత దూరమో తెలుసా వదినా? ఐదువేల రెండువందల కిలోమీటర్లట. మన వ్యాను పుట్టి బుద్ధెరిగి అంత తిరగలేదేమో."

"నీ వ్యాను రోడ్డు మీద తిరిగేది తక్కువ, మెకానిక్కు దగ్గర పడుకునేది ఎక్కువ."

అతను నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఆ అంకె ఆవిడకి ఎక్కడో గుచ్చుకుంది. ఐదువేల రెండువందలు. పోయిన చలికాలం విమానంలో పంపిన సరుకు పదిహేనువందల కిలోమీటర్లు వెళ్ళింది. దానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆవిడకి బాగా గుర్తు, ఫోను చేతిలో పట్టుకునే కూర్చుంది కాబట్టి. పదిహేనువందలకి రెండు. మూడువేలకి నాలుగు. నాలుగున్నరవేలకి ఆరు. ఐదువేల రెండువందలకి దగ్గర దగ్గర ఏడు.

ఏడెక్కడ, మూడున్నరెక్కడ.

మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ ఏడే వచ్చింది.

"ఒరే అబ్బాయ్, పోయినసారి పదిహేనువందలకి రెండు గంటలు పట్టింది కదా. మరి దీనికి మూడున్నరేమిటి?"

"అది చిన్న విమానం వదినా. ఇది దేశాలు తిరిగేది. ఎంతేసి ఇంజన్లుంటాయి దానికి. సైకిలూ మోటారుసైకిలూ ఒకటేనా?"

ఆ మాట పట్టుకుని నిమ్మళంగా ఉందామని చూసింది. కుదరలేదు. పెద్ద విమానమైతే మాత్రం రెట్టింపు వేగంతో పోతుందా? అలా పోతే ఇంక చిన్నవాటిని ఎవరెక్కుతారు? వెనక పెట్టెల్లోంచి నీళ్ళు కదిలే చప్పుడు వినిపిస్తోంది. కాగితం తీసి మళ్ళీ చూసింది. పది, ఒకటిన్నర. అంకెల్లో తప్పేం లేదు. మూడుసార్లు చదివినా అవే అంకెలు. దిగే టైము పక్కన ఆ ఊరి పేరు చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పేరు అక్కడ ఎందుకు వేశారా అని మాత్రం అప్పటిదాకా ఆలోచించలేదు.

ఎయిర్‌పోర్టులో సరుకు తీసుకునే షెడ్డు దగ్గరికి చేరేసరికి ఆరుంబావు. మరిది పెట్టెలు తోపుడుబండి మీదికి దించుతుంటే పెద్దక్క నేరుగా కౌంటరు దగ్గరికి నడిచింది. అక్కడ కూర్చున్న అమ్మాయి జడ ముడేసుకుంటూ కంప్యూటరు వైపు చూస్తోంది.

"అమ్మాయ్, ఈ విమానం గాల్లో ఎన్ని గంటలుంటుంది?"

ఆ అమ్మాయి కాగితం చూడకుండానే చెప్పింది. "ఏడు గంటలు ఆంటీ."

"ఇందులో పదికి బయలుదేరి ఒకటిన్నరకి దిగుతుందని ఉంది."

"దిగేది వాళ్ళ టైములో ఒకటిన్నర. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. మనకి అప్పటికి సాయంత్రం ఐదు."

"అంటే ఇప్పుడు అక్కడ..."

"మూడు కూడా కాలేదు. ఇంకా చీకటే అక్కడ."

పెద్దక్క కౌంటరు అంచు పట్టుకుంది. పదకొండేళ్ళలో ఆవిడ పంపినవన్నీ ఒకే గడియారం కింద తిరిగాయి. ఏ ఊరికి పంపినా ఇక్కడ ఆరైతే అక్కడా ఆరే. చేరే టైములోంచి బయలుదేరే టైము తీసేస్తే ప్రయాణం వచ్చేది. ఆ తీసివేత ఎంత అలవాటైపోయిందంటే, అది అబద్ధం చెప్పగలదని కల్లో కూడా అనుకోలేదు. ఐదు, ఏడు, మూడు. పదిహేను గంటలు. పదిహేను గంటల సంచిలో ఇరవై చేపలు.

ఒకసారి రైలు మూడు గంటలు ఆలస్యమైతే ఏమయిందో ఆవిడకి తెలుసు. సంచి విప్పితే నీళ్ళు పాలలా తెల్లబడి ఉన్నాయి. సగం చేపలు వెల్లకిలా తేలాయి. బతికిన సగం కూడా వారం తిరక్కుండానే పోయాయి.

"సరుకు ఎప్పటిలోగా ఇవ్వాలి?"

"ఏడున్నర. ఒకసారి స్కానింగు మెషిన్లోకి పోయిందంటే మళ్ళీ బయటికి రాదు. ముందే చెప్తున్నా."

"సిలిండరు ఇక్కడికి తెచ్చుకోవచ్చా?"

"గ్యాసు సిలిండరా?" ఆ అమ్మాయి చెయ్యి జడ మీదే ఆగిపోయింది. "గేటు దగ్గరే మిమ్మల్ని కూర్చోబెడతారు ఆంటీ. సాయంత్రం దాకా వదలరు."

మరిది మొదటి పెట్టె తూకం బల్ల మీద పెట్టబోతున్నాడు. పెద్దక్క వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది.

"దించు. అన్నీ మళ్ళీ వ్యానులో ఎక్కించు."

"ఏమయింది?"

"నేను పప్పులో కాలేశాను. ప్రయాణం ఏడు గంటలు. మూడున్నర కాదు."

"ఇంటికెళ్ళి రావడానికి మూడు గంటలు పడుతుంది వదినా. విమానం పోతుంది."

"ఇంటికెవరు వెళ్తారు?" ఆవిడ కౌంటరు వైపు తిరిగింది. "అమ్మాయ్, ఈ చుట్టుపక్కల గ్యాసు వెల్డింగు చేసేవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆ అమ్మాయి ఈవిడకి మతి చలించిందేమో అన్నట్టు చూసింది. అయినా చెప్పింది. "గేటు దాటాక ఎడమవైపు ఇనపగేట్లు చేసే కొట్టు ఉంది. కానీ ఇంత పొద్దున్నే తియ్యడు."

కొట్టు నిజంగానే తియ్యలేదు. షట్టరు పక్కన కొట్టు యజమాని లుంగీతో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు. పెద్దక్క వ్యాను ఆగీ ఆగకముందే దిగింది.

"బాబూ, నీ దగ్గర ఆక్సిజన్ సిలిండరుందా?"

అతను నోట్లో నురగతోనే తలూపాడు.

"చేపలకి కావాలి."

అతను ఉమ్మేసి, నోరు తుడుచుకుని, వ్యానులోకి చూసి, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. "చేపలకి వెల్డింగేంటమ్మా?"

నవ్వొచ్చే సమయం కాకపోయినా మరిదికి నవ్వొచ్చింది. పెద్దక్క రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. వెల్డరు ఇంకేం అడగలేదు. షట్టరు ఎత్తాడు, గొట్టం చివర మంట పెట్టే ముక్కు విప్పేశాడు, గొట్టాన్ని చొక్కాతో తుడిచాడు. "గాలి ఎంతసేపు వస్తుందో చెప్పలేను. నిన్న సాయంత్రం పెద్ద పని చేశాను" అన్నాడు.

ఆరూ ముప్ఫై ఐదు. ఇనప ముక్కల మధ్య చాపేసి కూర్చుని పని మొదలుపెట్టారు. ఇప్పుడు కొత్తగా గాలి నింపితే విమానం ఎక్కేముందు మూడు గంటలు, గాల్లో ఏడు, దిగాక మూడు. మొత్తం పదమూడు. సంచి విప్పడం, ఐదు చేపల్ని తీసి టబ్బులో వెయ్యడం, సగం నీళ్ళు పారబోసి డబ్బాలోంచి మంచినీళ్ళు పొయ్యడం, గాలి, మెలిక, బ్యాండు.

నాలుగో సంచి దగ్గర మరిది ఆగాడు. "వదినా, పన్నెండు గంటలకి ఇరవై అని నువ్వే రాశావు. ఇది పదమూడే కదా. ఒక్క గంటకి ఐదేసి తీసెయ్యాలా? నూట ఇరవై చేపలు. వాడికి నాలుగువందల ఎనభై అని మాటిచ్చాను."

"ఆ ఒక్క గంటా నువ్వు ముక్కు మూసుకుని కూర్చో. తరవాత మాట్లాడదాం."

"నేను చేపనా?"

"చేపవైతే ఈపాటికి తోకైనా ఆడించేవాడివి. తియ్యి."

అతను తీశాడు. వెల్డరు గొట్టం పట్టుకుని ఆవిడ ఆపమన్నప్పుడు ఆపుతున్నాడు. మూడో సంచికే అతనికి చెయ్యి కుదిరింది. గాలి నిండిన సంచిని పెద్దక్క వేలితో తట్టి చూసేది. డప్పులా పలికితే పక్కన పెట్టేది. పది సంచులయ్యాయి. పన్నెండు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. తడి చేతుల్లో రబ్బరు బ్యాండు జారిపోతోంది. రెండు తెగిపోయాయి. మరిది నిమిషానికోసారి టైము చెబుతున్నాడు.

"చెప్పకురా. నువ్వు చెప్పినంత మాత్రాన అది ఆగుతుందా?"

పదిహేనో సంచి దగ్గర సిలిండరు మీటరు ముల్లు అడుక్కి వచ్చేసింది. పదహారోది నిండింది కానీ, నిండటానికి చాలాసేపు పట్టింది. పదిహేడోది పట్టేసరికి గొట్టంలోంచి గాలి ముసలివాళ్ళ ఊపిరిలా వచ్చింది.

"అయిపోయిందమ్మా" అన్నాడు వెల్డరు. "రెండో సిలిండరు ఎనిమిదిన్నరకి తెస్తారు."

ఏడూ పది. పెద్దక్క పదహారు సంచుల వైపు చూసింది. ఇంకా ఎనిమిది ఉన్నాయి. వాటిలో రెండు అప్పటికే విప్పేశారు. మిగతా ఆరూ పొద్దున కట్టినట్టే ఉన్నాయి, ఇరవై ఇరవై చేపలతో. వాటిని పంపడమంటే తెలిసి చంపడమే.

"ఈ ఆరూ ఇంటికి" అంది.

"మరి ఆ రెండు?" అన్నాడు మరిది. "విప్పినవి? వాటిలోనూ కొంచెం గాలి పట్టు వదినా. చేపలు తగ్గించి పంపుదాం. సగానికి సగం పడిపోతే వాడికి నా మొహం ఎలా చూపించను?"

గొట్టంలో మిగిలిన ఊపిరంతా ఆ రెండు సంచుల్లోకి పట్టారు. ఒక్కోదానిలో పదేసి చేపలే ఉంచింది. మెలిపెట్టి కట్టి వేలితో తట్టింది. పలకలేదు. దిండులా నొక్కుకుపోయింది. రెండోది మరీ మెత్తగా ఉంది. ఆవిడ దాన్ని చేతుల్లో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. లోపల పది ఎర్రచేపలు తోకలు ఆడిస్తూ ఒకదాని పక్కన ఒకటి తిరుగుతున్నాయి. మరిది పెట్టె మూత ఎత్తి పట్టుకుని ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు.

పెట్టింది.

ఇచ్చిన డబ్బు వెల్డరు తీసుకోనన్నాడు. "ఎప్పుడైనా మా పాపకి రెండు చేపలివ్వండి" అన్నాడు. మరిది అప్పటికే వ్యాను తిప్పుతున్నాడు. ఏడూ ఇరవైరెండుకి తొమ్మిది పెట్టెలు తూకం బల్ల మీద ఉన్నాయి. కౌంటరు అమ్మాయి పన్నెండు కొట్టేసి తొమ్మిది రాసింది, బరువు మార్చింది, ముద్ర వేసింది.

"వెల్డింగు అయిందా ఆంటీ?"

"అయింది తల్లీ."

పెట్టెలు ఒకదాని వెనక ఒకటి రబ్బరు తెర కిందుగా లోపలికి పోయాయి. మెత్తటి సంచులున్న పెట్టె చివర వెళ్ళింది. ఆవిడ చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. తెర మూసుకుంది.

వ్యానులో కూర్చున్నాక మరిది ఫోను తీశాడు. "వాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా. విమానంలో చోటు లేదన్నారని రాస్తాను."

"లెక్క తప్పిందని రాయి."

"సరే. మా లెక్కలో పొరపాటు..."

"మా కాదు. మా వదిన లెక్క అని రాయి. రెండువందల అరవై వస్తున్నాయి, తొమ్మిదో నెంబరు వేసిన చివరి పెట్టె ముందు విప్పమని రాయి."

అతను ఆవిడ వైపు ఒకసారి చూసి, అలాగే రాశాడు.

ఇంటికొచ్చి, వెనక్కి తెచ్చిన చేపల్ని తొట్టిలోకి వదిలారు. తోటికోడలు సంగతంతా విని, పొద్దున తను అన్న మాట గుర్తుచెయ్యలేదు. గుర్తుచేసి ఉంటేనే పెద్దక్కకి తేలికగా ఉండేది. "టీ తాగు అక్కా" అని గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది.

పది దాటింది. విమానం లేచి ఉంటుంది. పన్నెండయింది. ఇంకా ఐదు గంటలు గాల్లోనే. ఒకటిన్నరకి పెద్దక్క ఫోను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టేసింది. ఈ టైముకి దిగుతుందనే కదా పొద్దున అనుకుంది. ఇప్పుడది ఏ మబ్బుల మీద ఉందో. వేరే పని పెట్టుకుందామని తొట్టి గోడలు రుద్దింది. రుద్దిన గోడనే మళ్ళీ రుద్దింది. ఎంత వద్దనుకున్నా ఆ మెత్తటి సంచి చేతికి తగులుతూనే ఉంది. నాలుగు గంటలకి అందులో గాలి ఎంత మిగిలి ఉంటుందో లెక్కకట్టడానికి చూసింది. ఎంత నింపిందో తెలిస్తే కదా.

సాయంత్రం ఐదుంబావుకి మెసేజి వచ్చింది. విమానం దిగింది. ఇక తనిఖీలు. ఆరు. ఆరున్నర. మరిది గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికొచ్చాడు, మళ్ళీ గుమ్మం దగ్గరికెళ్ళాడు.

"కూర్చోరా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది పెద్దక్క. తను కూడా నిలబడే ఉంది.

ఏడున్నరకి ఫోను మోగింది, వీడియో కాల్. బొమ్మ వచ్చింది. ఒక దుకాణం, ధగధగలాడే లైటు, వరసగా ఖాళీ తొట్లు. దుకాణదారు మోచేతుల దాకా తడిసి ఉన్నాడు.

"అక్కా, చివరి పెట్టె ముందు విప్పమన్నారని దాన్నే తీశాను. చూడండి."

మొదటి సంచి నీళ్ళలోకి వంచాడు. పది చేపలూ కాసేపు ఎక్కడున్నామో తెలియనట్టు ఆగి, తోకలు విప్పుకుని అడుక్కి దిగాయి. రెండో సంచి వంచాడు. ఏడు కదిలాయి. మూడు కదల్లేదు. నీళ్ళ మీద పక్కకి ఒరిగి తేలాయి.

అతను మిగతా పెట్టెలు ఒక్కొక్కటే విప్పాడు. ప్రతి సంచీ కదిలింది. పదహారు సంచుల్లో ఒక్క చేప కూడా పోలేదు.

"మూడే అక్కా. ఇంత దూరం నుంచి తెప్పిస్తే మూడే పోవడం నేనెప్పుడూ చూళ్ళేదు."

"ఆ మూడింటి నోళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా?"

అతను వంగి చూశాడు. "తెరిచి ఉన్నాయి."

గాలి కోసం తెరిచినవి. ఆవిడ తలూపింది.

"రెండువందల అరవైలో మూడు వదినా" అన్నాడు మరిది. అతని గొంతులో పొద్దుటి హుషారు మళ్ళీ వస్తోంది. "ఎవడైనా ఎగిరి గంతేస్తాడు."

"ఆ సంచి చేతిలో ఉన్నప్పుడే నాకు తెలుసు. అయినా పెట్టాను."

"పెట్టమన్నది నేను కదా. నన్ను తిట్టు."

"నువ్వు అడుగుతావు. మాటిచ్చినవాడివి, అడగడం నీ పని. పెట్టకపోవడం నా పని."

ఫోనులో దుకాణదారు ఆ మూడింటినీ గిన్నెలోకి తీశాడు. మిగతావి తొట్ల మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని, లైటుకి దూరంగా మూలకి జరుగుతున్నాయి. పెద్దక్క ఫోనుకి దగ్గరగా వంగింది.

"ఆ లైటు ఆర్పెయ్ బాబూ. పొద్దున్నుంచీ చీకట్లో ఉన్నాయి. బెదిరిపోతాయి."

"ఆర్పితే మీకు కనపడవు కదక్కా."

"పరవాలేదు. ఆర్పు."

అతను లేచి స్విచ్చి నొక్కాడు. బొమ్మ నల్లబడింది. ఐదువేల రెండువందల కిలోమీటర్ల అవతల ఎక్కడో తొట్టిలో గాలి గొట్టం బుడబుడమంటోంది. పెద్దక్క ఫోను పెట్టెయ్యలేదు. అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని, ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.